తోలు సంచిలో ఆరు చాకులు: కొనేముందు గుర్తింపు, వెల నిర్ణయం

అక్టోబరు 5, ఆదివారం, పెరంబూరు

మా వీధి చివరి ఇంట్లో ఉండే పిన్నిగారి భర్త కాకినాడ నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డారు. వాణిజ్య నౌకల్లో ఇంజనీరుగా పనిచేసిన ఆయనకు ఓడ ఆగిన రేవులో వీలైతే ఒక మడత చాకు కొనుక్కోవడం అలవాటు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇల్లు సర్దుతుండగా ఆరు చాకులున్న తోలు సంచి బయటపడిందనీ, నాకు ఇలాంటి వస్తువుల మీద ఆసక్తి ఉందని తెలిసి ముందు నాకే కబురు చేశాననీ పిన్నిగారు అన్నారు. "నాకు వీటి వెల తెలియదు బాబూ. నువ్వే చూసి చెప్పు, నచ్చితే నువ్వే తీసుకో" అన్నది ఆవిడ మాట.

కొనేవాడూ వెలకట్టేవాడూ ఒకడే అయినప్పుడు తూకం ఎటు మొగ్గుతుందో అందరికీ తెలిసిందే. అందువల్ల నేను నాలుగు వారాల గడువు అడిగాను. ఒక్కొక్క చాకుకు నోటుపుస్తకంలో ఒక పేజీ కేటాయించి, చూసినదంతా రాసి, ఆ పేజీలను ఆవిడకూ ఆవిడ అబ్బాయికీ చదివి వినిపించిన తరువాతే ధర మాట ఎత్తుతానని చెప్పాను. అంతవరకు చాకులు ఆ ఇల్లు దాటకూడదనీ, పరీక్ష వారి భోజనాల బల్ల మీదే జరగాలనీ కూడా అనుకున్నాం.

పరీక్షకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఏ చాకునైనా గుర్తించడానికి రెండు సాక్ష్యాలు కావాలి, అవి ఒకదానితో ఒకటి పొసగాలి. మొదటి సాక్ష్యం ముద్ర. అలుగు మొదట్లో, పిడిలోకి దిగే చోట పదును లేని చిన్న భాగం ఉంటుంది. దానిని టాంగు అంటారు. తయారీదారు పేరు, ఊరు, దేశం, నమూనా సంఖ్య సాధారణంగా అక్కడే చెక్కి ఉంటాయి. రెండో సాక్ష్యం కట్టుబడి, అంటే పిడి పలకలు దేనితో చేశారు, పిడి కొసన ఉన్న లోహపు పొన్ను ఎలా ఉంది, పిన్నులు ఎలా బిగించారు, స్ప్రింగు ఎలా పలుకుతోంది అన్నవి. ముద్ర ఒక కాలాన్ని చెబుతూ కట్టుబడి మరో కాలాన్ని చెబితే ఎక్కడో అలుగు మార్చారని గానీ ముద్ర దొంగదని గానీ అనుమానించాలి. పనిముట్లుగా పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం, కచ్చితంగా కొలవడానికి వెర్నియర్ కొలబద్ద, చిన్న టార్చి, మెత్తని నూలుగుడ్డ, ఒక సీసా మిషను నూనె తీసుకువెళ్లాను.

సంచి విప్పగానే మొదట నన్ను కలవరపెట్టినది వాసన. కర్పూరం డబ్బా మూత తీసినట్టుగా ఉంది, దాని వెనుక పుల్లని ఘాటు ఒకటి. ఆరింటిలో ఒకదానికి తేనెరంగు సెల్యులాయిడు పిడి ఉంది. సెల్యులాయిడును నైట్రోసెల్యులోజు, కర్పూరం కలిపి తయారు చేసేవారు. ఏళ్లు గడిచి అది విచ్ఛిన్నమవుతున్నప్పుడు వెలువడే ఆమ్లపు ఆవిరి తన అలుగునే కాక పక్కనున్న ఇనుమునంతటినీ తింటుంది. ఇక తోలు సంగతి. తోలు పదును చేసేటప్పుడు వాడిన ఆమ్లాలూ అది పీల్చుకున్న తేమా కలిసి లోపలి ఇత్తడి రేకుల మీద పచ్చని చిలుము పట్టిస్తాయి. సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్లో, అందులోనూ వానలు మొదలయ్యే ఈ నెలలో, ఈ రెండూ ఒకే సంచిలో ఉండడం ప్రమాదమని పిన్నిగారికి చెప్పి, ఆవిడ అనుమతితో సెల్యులాయిడు చాకును గాలి తగిలేలా వరండా అలమరలో విడిగా పెట్టించాను. మిగిలిన అయిదింటినీ నూలుగుడ్డలో చుట్టి లోపల పెట్టాం. ఈ రోజుకు ఇంతే పని జరిగింది.

అక్టోబరు 8, బుధవారం

సెల్యులాయిడు చాకు నుంచే మొదలుపెట్టాను. టాంగు మీద జోలింగెన్ పేరూ, దాని కింద జర్మనీ అన్న మాటా ఉన్నాయి. జోలింగెన్ జర్మనీలో చాకులకూ కత్తెరలకూ పేరుపడిన ఊరు. ఆ ఊరి పేరును ఇతరులు వాడకుండా 1938లోనే చట్టంతో కాపాడుకున్నారు. పశ్చిమ జర్మనీ అని లేదు కాబట్టి 1949కి ముందుది కావచ్చునని ముద్ర సూచిస్తుంది గానీ, ఆ ఒక్కటే నిర్ధారణ కాదు, ఎందుకంటే ఆ తరువాత కూడా ఉత్త జర్మనీ అని కొట్టినవారు ఉన్నారు. సెల్యులాయిడు పిడి, కార్బన్ ఉక్కు అలుగు రెండూ పాతకాలం వైపే చూపుతున్నాయి. సాక్ష్యాలు పొసిగాయి, అయినా చాకు నిలవదు. పిన్నుల చుట్టూ పిడి పెళుసుబారి పొడి రాలుతోంది, అలుగు మధ్యలో తుప్పు గుంటలు లోతుగా పడ్డాయి. వెల గడిలో సున్నా రాశాను.

దాని పక్కనే మడిచి ఉన్నది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, బ్రాడ్‌ఫర్డ్ ఊరి కేస్ కంపెనీ చాకు. నాకు ఈ కంపెనీ అంటే గౌరవం, ఎందుకంటే తమ వస్తువు ఏ ఏడాదిదో కొనేవాడు చదువుకోగలిగే ఏర్పాటు వారు చేశారు. 1940 నుంచి 1964 వరకు ముద్రలో కేస్ ఎక్స్ ఎక్స్ అని మాత్రమే ఉండేది. 1965 నుంచి 1969 వరకు దానికి యు.ఎస్.ఎ. చేరింది. 1970లో ఆ ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒక్కొక్కటి తీసివేస్తూ వచ్చారు. అంటే పది నుంచి ఉన్న చుక్కలు తీసివేసి, మిగిలినదాన్ని 1970కి కలిపితే ఏడాది వస్తుంది.

టాంగుకు రెండో వైపు 6318 అని ఉంది. ఈ అంకెలకూ అర్థం ఉంది. మొదట ఉన్న 6 అంకె గాట్లు పెట్టిన ఎముక లేదా దానిని పోలిన పిడిని, 3 అలుగుల సంఖ్యను, 18 నమూనాను తెలుపుతాయి. మొదటి అంకె 5 అయి ఉంటే దుప్పి కొమ్ము పిడి. మూడు అలుగులున్న ఈ నమూనాను పశువుల కాపరుల చాకు అంటారు. మడిచినప్పుడు పొడవు సుమారు మూడున్నర అంగుళాలు ఉండాలి, వెర్నియర్ మీద అంతే వచ్చింది. పిడి నిజంగా ఎముకేనా అన్నది టార్చి వెలుగులో చూశాను. గాట్ల మధ్య సన్నని నల్లని రంధ్రాలు, ఒకప్పుడు రక్తనాళాలు సాగిన దారులు, సూదిమొన అంత కనిపించాయి. ప్లాస్టిక్‌లో అవి ఉండవు. కాల్చిన సూది గుచ్చి చూడమని సలహా ఇచ్చేవారున్నారు గానీ, ఇంకొకరి వస్తువుకు మచ్చ పెట్టే పరీక్ష పరీక్ష కాదని నా దృఢమైన అభిప్రాయం.

చుక్కల దగ్గర మాత్రం ఆగిపోయాను. భూతద్దంలో ఆరు కనిపించాయి, అంటే 1974. కానీ వరుసలో ఒక కొస మీద, సెల్యులాయిడు చాకు ఆనుకుని ఉన్న వైపున, ఎర్రని తుప్పు పొర ఉంది. వరుస ఆ తుప్పులోకి వెళ్లి ఆగినట్టుగా ఉంది తప్ప ముగిసినట్టుగా లేదు. గీకి చూస్తే ముద్ర చెడుతుంది. పిన్నిగారిని అడిగి అక్కడ ఒక్క చుక్క మిషను నూనె వేసి, గుడ్డ కప్పి వదిలేశాను.

అక్టోబరు 12, ఆదివారం

నూనె నాలుగు రోజులు నానింది. గుడ్డ కొసతో మెల్లగా ఒత్తి తీయగా తుప్పు మెత్తబడి వచ్చింది, ఏడో చుక్క బయటపడింది. ఆ చాకు 1973 నాటిది. రెండు ఏళ్ల మధ్య ధరలో పెద్ద తేడా ఏమీ ఉండదు గానీ, పేజీలో తప్పు రాసి ఉంటే ఆ తప్పు నాతోనే ఉండిపోయేది. తరువాత మూడు అలుగులనూ తెరిచి, సగం మడిచి, పూర్తిగా మూసి, మూడు స్థితుల్లోనూ వెనుక స్ప్రింగు పిడి అంచుతో సమంగా ఉందో లేదో వేలితో తడిమాను. సమంగా ఉంది. పెద్ద అలుగు మూసుకునేటప్పుడు ఠక్కుమని పలికింది. చిన్నది మాత్రం కాస్త మందంగా నడుస్తోంది, అది లోపలి చిలుము వల్ల.

ఈ రోజు ఎక్కువ సేపు పట్టినది బ్రిటిష్ సైన్యపు చాకు. నల్లని గళ్ల పిడి, ముందు చదునైన వెడల్పాటి అలుగు, డబ్బా మూత తీసే పనిముట్టు, వెనుక తాళ్లు విప్పడానికి ఓడవాళ్లు వాడే పొడవాటి ఇనుప ములుకు. ప్రభుత్వ ఆస్తి అని తెలిపే వెడల్పాటి బాణం గుర్తు, 1943 అన్న అంకె, షెఫీల్డ్ తయారీదారు పేరు స్పష్టంగా ఉన్నాయి. ముద్ర మాత్రమే చూసేవాడు ఇక్కడ మంచి ధర రాసేస్తాడు.

అయితే అలుగును పక్కనుంచి చూసినప్పుడు నడుము పోయినట్టు కనిపించింది. టాంగు పక్కన అలుగు వెడల్పు 19 మిల్లీమీటర్లు, మధ్యలో 13. ఈ తరహా అలుగు మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే వెడల్పుతో సాగాలి. అలుగు తెరవడానికి వేలు ఆనించే గోటి గాడికీ పదును అంచుకూ మధ్య దూరం కూడా చూడాలి, ఆ దూరం తగ్గిందంటే ఉక్కు అరిగినట్టే. భూతద్దంలో అలుగు మీద అడ్డంగా లోతైన గీతలు ఉన్నాయి. అవి చేతి సానరాయి గీతలు కావు. సైకిలు చక్రం తొక్కుతూ వీధుల్లో కత్తులు సాన పట్టేవారి గరుకు రాయి వేసిన గీతలు. వారు వంటింటి కత్తులకు చేసే పని మంచిదే. కూరగాయల కత్తికి రేపటి పదును ముఖ్యం, నిన్నటి ఆకారం కాదు. సేకరణ చాకు విషయంలో మాత్రం ఆ ఒక్క నిమిషపు రాపిడి తిరిగి రానిదాన్ని తీసుకుపోతుంది. తుప్పును ఆపవచ్చు, చిలుమును తుడవవచ్చు, సడలిన పిన్నును బిగించవచ్చు. పోయిన ఉక్కును మాత్రం ఎవరూ తిరిగి పెట్టలేరు. అందుకే నా లెక్కలో ముద్ర తరువాత అన్నిటికన్నా బరువైన అంశం అలుగు నిండుదనం.

మొన కూడా చూడాలి. విరిగిన మొనను మళ్లీ అరగదీసి కొత్తది చేస్తే, మూసినప్పుడు అది పిడిలో ఉండవలసిన చోటికి చేరదు. ఇందులో మొన సరిగానే ఉంది.

అక్టోబరు 14, మంగళవారం

ఈ రోజు రెండు సులభమైనవి. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతపు ఒపినెల్, ఎనిమిదో నంబరు, కొయ్య పిడి. అలుగు తెరిచాక కదలకుండా బిగించే ఇనుప కట్టు దీనికి ఉంది, ఆ కట్టు 1955లో వచ్చింది కాబట్టి చాకు ఆ తరువాతిదే. ఈ నమూనా ఇప్పటికీ తయారవుతోంది, అందువల్ల దీని వెల పనిముట్టు వెలే.

రెండోది స్విస్ సైనికుల చాకు. బూడిద రంగు అల్యూమినియం పిడి, మీద చిన్న శిలువ డాలు, మూసినప్పుడు 93 మిల్లీమీటర్లు. విక్టోరినాక్స్ అన్న పేరు కంపెనీ వ్యవస్థాపకుడు కార్ల్ ఎల్సెనర్ తల్లి విక్టోరియా పేరూ, తుప్పు పట్టని ఉక్కుకు ఫ్రెంచిలో వాడే ఇనాక్స్ అన్న మాటా కలిసి 1921లో ఏర్పడింది. సైన్యానికి 1961లో వచ్చిన ఈ నమూనాను 2008 దాకా ఇచ్చారు. టాంగు మీద ఏడాది చివరి రెండు అంకెలు కొడతారు, దీని మీద 72 ఉంది. పిడి, పనిముట్లు, శిలువ, పొడవు అన్నీ ఆ కాలానికి పొసగుతున్నాయి. పిడి గళ్ల అంచులు చేతికి ఇంకా గరుగ్గా తగులుతున్నాయి, అంటే ఎవరూ బఫింగ్ చక్రం మీద మెరుగు పెట్టలేదు. మెరుగు పెట్టిన చాకు కంటికి అందంగా ఉంటుంది గానీ, అక్షరాల అంచులు కరిగిన సబ్బు మీది పేరులా గుండ్రబడి ఉంటాయి. సేకరించేవారికి నల్లబడిన అసలు ఉపరితలమే కావాలి.

అక్టోబరు 19, ఆదివారం

రేపు దీపావళి. పిన్నిగారింట్లో పిండివంటల హడావుడి నడుమ బల్ల మూల ఒకటి ఖాళీ చేయించుకుని, నెలంతా వాయిదా వేస్తూ వచ్చిన ఆరో చాకును తెరిచాను. సంచిలో అన్నిటికన్నా అందమైనది ఇదే. రెండు అలుగులు, తెల్లని పిడి, చేతిలో తామర తూడంత నున్నగా ఉంది. టాంగు మీద షెఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ పేరు, మరో వైపు ఆరు కోణాల నక్షత్రం, మాల్టా శిలువ. ఆ కంపెనీకి పేరుపడిన గుర్తు అది. పేరు పైన కిరీటం, దానికి ఇరువైపులా వి, ఆర్ అక్షరాలు. విక్టోరియా రాణి కాలం, అంటే 1837 నుంచి 1901 లోపు.

దేశం పేరు ఎక్కడా లేదు. అమెరికాకు వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న 1890 నాటి సుంకాల చట్టం తరువాతే షెఫీల్డ్ చాకుల మీద ఇంగ్లండ్ అన్న మాట విస్తారంగా కనిపించసాగింది. కాబట్టి ఇది అంతకు ముందుది కావడానికి అవకాశం ఉంది. పొన్ను మీద పిన్ను ఆనవాలు కూడా లేదు. కార్ఖానాలో పిన్ను కొట్టి సమం చేసినప్పుడు అది లోహంలో కలిసిపోతుంది. తరువాత ఎవరైనా విప్పి మళ్లీ బిగిస్తే సన్నని వలయం మిగులుతుంది. అలుగులు నిండుగా ఉన్నాయి. సాక్ష్యాలు రెండూ గట్టివే.

మిగిలింది తెల్లని పలకలు. ఎముక అయి ఉంటే సూదిమొన చుక్కలు కనిపించాలి, లేవు. సెల్యులాయిడుతో చేసిన నకిలీ దంతంలో గీతలు గళ్లకాగితం మీదివాటిలా సమదూరంలో, తిన్నగా సాగుతాయి. ఇందులో గీతలు సన్నగా, అలల్లా, ఒక చోట దగ్గరగా మరో చోట ఎడంగా నడుస్తున్నాయి. పిడి కొసన, పలక మందం కనిపించే చోట టార్చి ఏటవాలుగా పట్టుకుని చూస్తే, ఒకదానినొకటి కోసుకుంటూ పోయే వంపు గీతలు అల్లిక చాపలా కనిపించాయి. ఏనుగు దంతంలో తప్ప ఆ అల్లిక ఆ విధంగా ఉండదు. నేను భూతద్దం దించి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

భారతదేశపు ఏనుగు దంతం వ్యాపారాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ నిషేధించింది. దిగుమతి అయిన ఆఫ్రికా దంతాన్ని కూడా 1991 సవరణ అందులో చేర్చింది. వస్తువు నూటయాభై ఏళ్ల నాటిదైనా, దంతం రెండు బొటనవేళ్ల వెడల్పే అయినా, కొనడం అమ్మడం రెండూ నేరమే. పైగా నూరేళ్లు దాటిన ఇటువంటి వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందకు కూడా రావచ్చు, దానిని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. నేను ఇన్నేళ్లుగా చూడాలనుకున్న చాకు ఇదే, బల్ల మీద ఉన్నవాటిలో నిజంగా విలువైనదీ ఇదే. వెల గడిలో "ధర లేదు, కొనరాదు" అని రాసి, కారణం కింద రాశాను.

అక్టోబరు 23, గురువారం

సెంట్రల్ స్టేషను పక్కన, 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్టు పేరు ఇంకా వినిపించే ప్రాంతంలో, పాత సామాన్లు అమ్మే ఒకరి దగ్గర మరో రాడ్జర్స్ కనిపించింది. పోల్చుకోవడానికి మంచి అవకాశం. పేరులో డి అక్షరం లేదు, నక్షత్రానికి అయిదు కోణాలే ఉన్నాయి, శిలువ ఉండవలసిన చోట పువ్వు లాంటిది ఉంది. పేరున్న గుర్తును దూరం నుంచి చూస్తే అదే అనిపించేలా కొట్టడం పాత మోసమే. అక్షరాలు కూడా లోతుగా దిగక, పైపైన గీసినట్టు ఉన్నాయి. నిజమైన ముద్రను నాలుగు రోజుల క్రితమే చూసి ఉండడం వల్ల క్షణంలో తెలిసిపోయింది. నమస్కారం చెప్పి వచ్చేశాను.

అక్టోబరు 29, బుధవారం

వెల నిర్ణయానికి కూర్చున్నాను. అమ్మేవారు అడుగుతున్న ధరలను పక్కన పెట్టి, విదేశీ వేలంపాటల్లో నిజంగా అమ్ముడుపోయిన ధరలనే తీసుకున్నాను. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు, చెల్లించిన అంకె మాత్రమే సాక్ష్యం. ఒక్కొక్క చాకుకు అదే నమూనా, దగ్గరి సంవత్సరం, దాదాపు అదే నిండుదనం ఉన్నవి కనీసం మూడు ఏరాను.

ఆ తరువాత రెండు అంకెలు రాశాను. అటువంటి చాకును నేను బయటి నుంచి తెప్పించుకుంటే తపాలా, సుంకం కలిపి నాకు పడే ఖర్చు ఒకటి. పిన్నిగారు దానిని బయటికి పంపి అమ్ముకుంటే కమీషను, తపాలా పోగా ఆవిడ చేతికి మిగిలేది రెండోది. న్యాయమైన ధర ఈ రెంటి నడుమ ఎక్కడో ఉంటుంది. కింది అంకెకు అతుక్కుపోతే ఆవిడ తెలియనితనాన్ని నేను వాడుకున్నట్టు అవుతుంది. కేస్ చాకుకు ఈ అంకెలు 10,500, 5,500 రూపాయలు వచ్చాయి. మధ్య అంకె 8,000. పోల్చినవాటి మీద తుప్పు గుంటలు లేవు, దీని మీద ఉన్నాయి కాబట్టి వెయ్యి తగ్గించి 7,000 రాశాను. ఇదే పద్ధతిలో స్విస్ చాకుకు 4,000, నడుము అరిగిన సైనిక చాకుకు 1,200, ఒపినెల్‌కు 600 వచ్చాయి.

నవంబరు 2, ఆదివారం

పిన్నిగారు, వారి అబ్బాయి, నేను బల్ల చుట్టూ కూర్చున్నాం. పేజీలన్నీ చదివాను. అబ్బాయి తన ఫోనులో కేస్ చాకుకు ఇరవై వేలు అడుగుతున్న ప్రకటన చూపించి, "అన్నా, మరి ఇదేమిటి?" అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. ఆ ప్రకటన ఎప్పటి నుంచి అమ్ముడుపోకుండా ఉందో, అమ్ముడుపోయినవి ఎంతకు పోయాయో పక్కపక్కన పెట్టి చూపించాను. కావాలంటే మరొకరికి చూపించుకోవడానికి పేజీల నకలు ఇస్తానని కూడా చెప్పాను. ఇద్దరూ కాసేపు మాట్లాడుకుని సరేనన్నారు.

దంతపు చాకు సంగతి చెప్పినప్పుడు పిన్నిగారు నొచ్చుకోలేదు. "మీ బాబాయిగారు దాన్ని ఒక్కరోజు కూడా వాడలేదు బాబూ, గుడ్డతో తుడిచి పెట్టేవారంతే" అన్నారు. ఇంట్లో ఉంచుకోవడానికి ఏ పత్రాలు కావాలో వన్యప్రాణి వార్డెన్ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిదని చెప్పి, అర్జీలో రాయడానికి కొలతలు, ముద్రల వర్ణన ఒక కాగితం మీద రాసిచ్చాను. వచ్చే వారం అబ్బాయితో కలిసి నేనూ వెళతాను. సెల్యులాయిడు చాకును గాలాడే చోటే విడిగా ఉంచమనీ, నిప్పుకు దూరంగా పెట్టమనీ చెప్పాను, ఎందుకంటే అది తేలికగా అంటుకునే పదార్థం.

ఒపినెల్‌ను పిన్నిగారు ఇవ్వలేదు. జామకాయలు కోసుకోవడానికి బాగుందట. మిగిలిన మూడింటికి 12,200 రూపాయలు చెల్లించి, ఎవరి దగ్గర, ఏ తేదీన, ఎంతకు కొన్నానో రాసిన రసీదు మీద ఇద్దరం సంతకాలు చేశాం. చాకులను తోలు సంచిలో పెట్టకుండా నూలుగుడ్డల్లో వేరువేరుగా చుట్టి ఇంటికి తెచ్చాను. కేస్ చాకు చిన్న అలుగు మడత దగ్గర మరో చుక్క నూనె వేశాను. చిలుము వదలడానికి ఈసారి వారం పట్టవచ్చు.